ఛాయాచిత్రకళ – మన నేల – మన అలవాట్లు

ఉర్దూలో గదిని ‘కమ్రా’ అంటారు. పోర్చుగీసు వారి నౌకల వెంట ఈ దేశానికి వచ్చిన మాట అది. లాటిన్ భాషలో ‘కెమెరా’ అనే మాటకు కూడ గది అనియే అర్థము. అనగా మన విద్యార్థుల చేతిలోని కెమెరా, వారు తలదాచుకొను కమ్రా, ఒకే తల్లి బిడ్డలన్నమాట. వేయి సంవత్సరాల క్రితం బస్రాలో జన్మించి కైరోలో కన్నుమూసిన ఇబ్నుల్ హైథమ్ చీకటి గదిలోకి చిన్న రంధ్రము గుండా వెలుతురు ప్రవేశించు తీరును శ్రద్ధతో పరిశీలించాడు. చూపు అనేది కంటి నుండి వెలువడే కిరణముల వలన గాక, వస్తువుల నుండి కంటికి చేరే కాంతి వలన కలుగుతున్నదని తన ‘కితాబుల్ మనాజిర్’లో వాదించాడు. మనము లోకమును చూచుట కాదు, లోకమే మన కంటిలోకి నడచి వచ్చుచున్నదని దీని సారాంశము. వచ్చిన అతిథిని ఆదరించే మర్యాద మనకు ఉన్నదా లేదా అన్నదే ఈ వ్యాసములో మేము చర్చింపదలచిన విషయము.

నేడు కెమెరా లేని చేయి లేదు. ఒకప్పుడు పెళ్ళికో, పాస్‌పోర్టుకో తప్ప ఫోటో స్టూడియో మెట్లు ఎక్కని కుటుంబములలో ఇప్పుడు పసిపిల్లవాడు కూడ సెల్‌ఫోనుతో చిత్రములు తీయుచున్నాడు. ఇది సంతోషింపదగిన పరిణామమే. కాని చిత్రములు పెరిగినంతగా చూపు పెరిగినదా? మా తరగతిలో ఈ ప్రశ్న వేసినప్పుడు విద్యార్థులు నవ్వి ఊరుకున్నారు. నవ్వులోనే సమాధానము ఉన్నది. మంచి ఛాయాచిత్రమునకు కావలసినది ఖరీదైన పరికరము కాదు, మంచి అలవాట్లు. ఆ అలవాట్లలోకెల్లా పెద్దది నిజాయితీ. ఇది మా అభిప్రాయము. ఈ అభిప్రాయమునకు మేము పుస్తకముల ద్వారా రాలేదు. ఒక విద్యార్థి మాట వలన వచ్చాము. ఆ సంగతి ముందు ముందు చెప్పెదము.

“ఇక్కడ తీయడానికి ఏమున్నది సార్?” అని విద్యార్థులు తరచుగా అడుగుచుందురు. వారి దృష్టిలో ప్రకృతి దృశ్యమనగా కాశ్మీరు మంచుకొండలు, అరకులోయ, ఊటీ తోటలు. రామచంద్రాపురము దాటి పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం మీదుగా కంది వరకు 65వ నంబరు జాతీయ రహదారి వెంట బస్సులో ప్రయాణించే వానికి లారీలు, గొట్టములు, ప్రహరీ గోడలు తప్ప మరేమీ కన్పించవు. అయితే ప్రపంచములో నేటికీ మిగిలియున్న తొలి ఛాయాచిత్రము ఏది? 1826–27 ప్రాంతమున ఫ్రాన్సు దేశస్థుడు నియెప్స్ తన ఇంటి కిటికీలో నుండి తీసినది. అందులో హిమాలయములు లేవు. పక్కింటి కప్పులు, పెరటి గోడలు మాత్రమే ఉన్నవి. దానికి కాంతిని ఇచ్చిన కాలము ఎనిమిది గంటలకు తక్కువ కాదని పండితుల అంచనా. అంతటి ఓపికతో చూస్తే పెరటి గోడ కూడ చరిత్రలో నిలిచిపోతుంది.

కంది పరిసరములలో చూడదగినది లేకపోలేదు. రోడ్డు దిగి రెండు ఫర్లాంగులు నడిస్తే చాలు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గ్రానైటు గుండ్లు కన్పిస్తాయి. దక్కను పీఠభూమిలోని ఈ రాళ్ళ వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. హిమాలయములు వీటి ముందు నిన్న మొన్నటి పిల్లలు. తాటివనములు, ఈతచెట్లు, చెరువు కట్టలు, తుమ్మకంపలు ఉన్నవి. పటాన్‌చెరు వద్ద 1972లో నెలకొన్న ఇక్రిశాట్ ప్రాంగణములో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నవి. ఒక్కచోటనే రెండు నేలలు లభించుట పరిశోధకులకు ఎంత వరమో, కన్ను తెరచుకున్న ఛాయాగ్రాహకునికీ అంతే వరము.

ఇక అలవాట్ల సంగతి.

మొదటిది, చూచిన చోటికే మరల మరల పోవుట. నూరు చోట్లకు ఒక్కొక్కసారి పోవుట కంటె ఒక్క చోటికి నూరుసార్లు పోవుట మేలు. దీనికి కారణము కేవలము భావుకత కాదు, ఖగోళము. మన కంది అక్షాంశమున సూర్యుడు జూన్ మాసాంతమున తూర్పునకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరముగా ఉదయిస్తాడు. డిసెంబరు మాసాంతమున అంతే దూరము దక్షిణముగా ఉదయిస్తాడు. అంటే ఏడాదిలో ఉదయపు వెలుగు దాదాపు 50 డిగ్రీలు జరుగుతుంది. జూన్‌లో ఒక గుండు ఉత్తరపు చెంపపై వెలుగు పడితే, డిసెంబరులో ఆ చెంప చీకటి. మే రెండవ వారములో, మరల ఆగస్టు తొలి వారములో మధ్యాహ్నపు సూర్యుడు సరిగా నడినెత్తికి వస్తాడు. అప్పుడు స్తంభమునకు కూడ నీడ ఉండదు. నీడ లేని చిత్రములో లోతు ఉండదు. ఫజర్ నమాజు ముగించుకొని బయలుదేరినచో సూర్యోదయమునకు ముందే చెరువు కట్ట చేరుకొనవచ్చును. ఆ పొద్దు కోసమే మేము చాలా ఆదివారములు వెచ్చించాము. అందులో నష్టపోయినది నిద్ర మాత్రమే.

రెండవది, కెమెరా ఎత్తుటకు ముందు మనస్సులో చిత్రమును పూర్తి చేసుకొనుట. అమెరికాకు చెందిన ఏన్సెల్ ఆడమ్స్ (1902–1984) పేరు ఈ కళను అభ్యసించువారికి సుపరిచితము. 1927లో, పాతికేళ్ళ వయస్సున, యోసెమిటీ లోయలోని ‘హాఫ్ డోమ్’ అనే శిలాశిఖరమును తీయుటకు బరువైన పెట్టె కెమెరాతో కొండ ఎక్కాడు. పసుపుపచ్చని ఫిల్టరుతో ఒక ప్లేటు వాడిన తరువాత, తాను అనుభవించిన గాంభీర్యము అందులో రాదని గ్రహించాడు. చేతిలో మిగిలినది ఒకే ఒక గాజు ప్లేటు. ఆలోచించి, ముదురు ఎరుపు ఫిల్టరు అమర్చి, ఆ ఒక్క ప్లేటునూ వాడాడు. ఆకాశము దాదాపు నల్లగా మారి శిఖరము ఉవ్వెత్తున లేచి నిలిచినది. ఆయన కీర్తికి పునాది ఆ చిత్రమే. ప్లేట్లు వందలుగా ఉంటే ఆయన అంత ఆలోచించి ఉండునా? అందుచేత మా విద్యార్థులకు మేము ఒక నియమము చెప్పుచుంటిమి. ఫోనులో వేలకు చోటున్నా సరే, ఒక ఉదయమునకు 12 చిత్రములు మాత్రమే తీయవలెను. పాత రోలు ఫిలిములో చదరపు చిత్రములకు 12 గడులే ఉండెడివి. లెక్క ఉన్నచోట విలువ ఉంటుంది.

మూడవది, యంత్రము చెప్పిన ప్రతి మాటనూ నమ్మకుండుట. కెమెరాలోని వెలుతురు కొలిచే సాధనము తన ఎదుట ఉన్నదంతయు మధ్యస్థమైన బూడిద రంగని భావించి లెక్క కడుతుంది. నల్లరేగడి చేనును చూపితే ఇది చీకటని భ్రమించి వెలుతురు ఎక్కువ ఇస్తుంది. ఫలితముగా నల్లనేల బూడిదగా పాలిపోతుంది. సున్నము వేసిన మసీదు గోడను చూపితే ఇది మితిమీరిన వెలుగని భయపడి తగ్గిస్తుంది. తెల్లని గోడ మాసిన బట్టవలె అవుతుంది. కనుక నల్లనేల ముందు వెలుతురు కొంత తగ్గించవలె, తెల్లగోడ ముందు ఒక మెట్టో, అంతకు కొంచెము హెచ్చో పెంచవలె. లోకరీతికి భిన్నముగా తోచినా సత్యమిదే. ఈ ఒక్క పాఠము నేర్చినవాడు మన ప్రాంతపు మట్టిని మట్టిగా చూపగలడు.

నాలుగవది, నిలకడ. తెల్లవారు వేళ వెలుతురు తక్కువగా ఉంటుంది గనుక షట్టరు ఎక్కువసేపు తెరచి ఉంచవలెను. అప్పుడు చేయి వణికితే చిత్రము చెదురుతుంది. ముక్కాలి స్టాండు ఉంటే ఐ.ఎస్.ఓ. సంఖ్యను 100 వద్దనే ఉంచి, ఎపర్చరును 8 లేదా 11 వద్ద అమర్చి, దగ్గరి గడ్డిపోచ నుండి దూరపు గుట్ట వరకు స్పష్టముగా తీయవచ్చును. స్టాండు లేనివారు గట్టురాయి మీద, గోనెసంచి మీద ఆనించి తీయవచ్చును. స్టాండు వలన మరొక లాభము కూడ ఉన్నది. అది మనిషిని ఆపుతుంది. ఆగినవానికి క్షితిజరేఖ వంకరగా ఉన్నదని, మూలలో ప్లాస్టిక్ సంచి వేలాడుచున్నదని కన్పిస్తుంది.

ఆ ప్లాస్టిక్ సంచిని ఏమి చేయవలెను? అక్కడనే మా పాఠము మొదలైనది.

కొన్ని సంవత్సరముల క్రితము, పటాన్‌చెరు ప్రాంతములోని ఒక చెరువును చలికాలపు ఉదయమున చిత్రించాము. మంచు తెర, నీటిపై నారింజ వెలుగు, ఒంటరిగా ఒక తాటిచెట్టు. ఒడ్డు వెంబడి తెల్లని నురుగు బారు తీరి ఉన్నది. అది అందమునకు అడ్డమని భావించి చిత్రము అడుగుభాగమును కత్తిరించాము. ఎడమవైపు గొట్టమునూ తొలగించాము. మిగిలినది ఎవరు చూచినా మెచ్చుకొనదగిన చిత్రము. కళాశాల ప్రదర్శనలో దానికి చోటు దక్కినది. సహాధ్యాపకులు అభినందించారు. అందరూ వెళ్ళిన తరువాత ఒక విద్యార్థి చాలాసేపు ఆ చిత్రము ముందు నిలబడి, మెల్లగా అన్నాడు: “ఇది మా ఊరి చెరువే కదా సార్. మంచిగున్నది. కని ఈ నీళ్ళు మా బర్రెలు గూడ తాగవు సార్.”

అతని గొంతులో నింద లేదు. ఆశ్చర్యము మాత్రమే ఉన్నది. తన చెరువు తనకే తెలియని చెరువుగా మారి గోడకు వేలాడుచుండుట చూచి కలిగిన ఆశ్చర్యము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము అబద్ధము చెప్పలేదు. చిత్రములో ఉన్న ప్రతి అణువూ అక్కడ ఉన్నదే. అయినను ఆ చిత్రము అబద్ధమే. కత్తిరించిన అంగుళములోనే ఆ ఊరి కథ అంతా ఉన్నది.

ఆ కథ కొత్తది కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల దశకములో రూపొందినది. మందులు, రసాయనములు తయారుచేయు పరిశ్రమలు పెరిగిన కొలది వాటి వ్యర్థజలములు నక్కవాగులో కలిసినవి. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఈ వ్యథ 1990లో సుప్రీంకోర్టు గుమ్మము ఎక్కినది. 2007లో స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. ఆ మందు మ్రింగిన రోగి రక్తములో ఉండే పాళ్ళ కంటె అది హెచ్చు. అట్టి నీటిలో బ్రతకనేర్చిన సూక్ష్మక్రిములు మందులకు లొంగకుండా పోవునన్న భయము ఈ ఒక్క ఊరికి చెందినది కాదు, ప్రపంచమంతటికీ చెందినది.

ఇప్పుడు ఆలోచింపవలసినది ఒకటి ఉన్నది. ఆ మందు కెమెరాకు కన్పించదు. మందు కలిసిన నీటిపై కూడ ఉదయకాంతి అంతే అందముగా మెరుస్తుంది. అనగా మేము నురుగును కత్తిరింపకపోయినను చిత్రము సగము సత్యమే చెప్పి ఉండెడిది. మిగిలిన సగమును మాటలతో చెప్పవలెను. అందుచేత ఐదవ అలవాటు, జేబులో ఒక చిన్న నోటు పుస్తకము. ఏ తేదీ, ఏ వేళ, ఏ ఊరు, ఏ దిక్కుకు తిరిగి తీసినది, నీటి వాసన ఎట్లున్నది, పక్కనున్న రైతు ఏమన్నాడు, ఇవన్నియు అక్కడనే వ్రాసుకొనవలెను. చిత్రము కింద రెండు వాక్యములు లేనిచో ప్రకృతి దృశ్యము క్యాలెండరు బొమ్మగా మిగులుతుంది.

ఇందుకు కొందరు మిత్రులు ఆక్షేపణ తెలుపుదురు. “కళ సౌందర్యము కొరకే గదా, వార్తాపత్రికల పనిని కళాకారునిపై మోపుట ఎందుకు?” అని. వారి మాటలో కొంత న్యాయమున్నది. ప్రతి చిత్రమూ ఫిర్యాదు కానక్కరలేదు. ఆడమ్స్ వంటి మహనీయుడు కూడ చీకటి గదిలో ఆకాశమును ముదురు చేసి, రాళ్ళను వెలిగించి, తన అనుభూతికి అనుగుణముగా చిత్రమును దిద్దుకున్నాడు. దిద్దుట తప్పు కాదు. చూచినవానికి కలిగిన భావమును దిద్దుట వేరు, చూచినదానిని లేదని చెప్పుట వేరు. మొదటిది కళ, రెండవది వంచన. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడున్నదని అడిగితే, మా విద్యార్థి నేర్పిన కొలమానమునే మేము చెప్పెదము: ఆ నేలపై బ్రతికేవాడు మన చిత్రము ముందు నిలిచి తన ఊరిని గుర్తుపట్టవలెను, గుర్తుపట్టి సిగ్గుపడకూడదు, మోసపోకూడదు.

దీనికి రెండవ వైపు కూడ ఉన్నది. నురుగును, పొగను మాత్రమే వెదకి తీయువాడు కూడ ఒక రకముగా కత్తిరించువాడే. ఆ గొట్టముల క్రింద పనిచేయు చేతులు వేల ఇళ్ళలో పొయ్యి వెలిగించుచున్నవి. మా విద్యార్థులలో ఎందరి ఫీజులో ఆ షిఫ్టు జీతముల నుండే వచ్చుచున్నవి. రాత్రి షిఫ్టు ముగించి సైకిలుపై చెరువు కట్ట మీదుగా ఇంటికి పోవు కార్మికుడు కూడ ప్రకృతి దృశ్యములో భాగమే. అతడు పక్కకు తొలగువరకు ఆగి ‘శుభ్రమైన’ చిత్రము తీయు అలవాటు మాకుండెడిది. ఇప్పుడు అతడు వచ్చువరకు ఆగుచున్నాము.

మర్యాదకు సంబంధించిన అలవాట్లు కూడ చెప్పక తప్పదు. ఎవరి చేనులో అడుగు పెట్టినా ముందుగా సలాము చెప్పి అనుమతి అడుగవలెను. మొలకెత్తిన జొన్నను తొక్కి తీసిన చిత్రము ఎంత గొప్పదైనా రైతుకు దండుగ. కందిలోని కారాగారము, ఎద్దుమైలారంలోని రక్షణ కర్మాగారము వంటి చోట్ల కెమెరా సంచిలోనే ఉండవలెను. అక్కడ తెలియదనుట చెల్లదు. డ్రోను ఎగురవేయు కుతూహలము గలవారు 2021 నాటి డ్రోను నిబంధనలను, ఎక్కడ ఎగురవేయరాదో తెలిపే పటమును ముందుగా చూచుకొనవలెను. కట్టపై తిని పారవేసిన కాగితములను తిరిగి సంచిలో వేసుకొని రావలెను. నేలను ప్రేమించి తీసిన చిత్రము నేలపై చెత్తను మిగిల్చిరాదు.

చివరి అలవాటు, భద్రపరచుట. మన హైదరాబాదు రాజ్యమునకు ఈ విషయములో గొప్ప వారసత్వము ఉన్నది. 1844లో సర్ధనాలో జన్మించిన లాలా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగము చేసి, ఆపై ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైనాడు. నిజాము ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ బిరుదునిచ్చాడు. 1905లో ఆయన మరణించాడు. ఆయన గాజు ప్లేట్లు భద్రముగా మిగిలినందువలననే ఆనాటి కోటలు, కొలువులు, వీథులు నేడు మన కంటికి కన్పించుచున్నవి. మన కాలములో వరంగల్లుకు చెందిన భరత్ భూషణ్ తెలంగాణ పల్లెలను, బతుకమ్మలను, ఇండ్ల తలుపులను సైతము దశాబ్దముల పాటు చిత్రించి 2022లో కన్నుమూశాడు. ఆయన తీసిన తలుపులలో ఎన్ని నేడు నిలిచియున్నవి? ఫోనులో తీసిన వేల చిత్రములు ఫోనుతోనే పోవును. కనుక ఏడాదికి పది చిత్రములైనను కాగితముపై ముద్రించి, తేదీ, ఊరు వ్రాసి, అసలు ప్రతులను రెండు వేర్వేరు చోట్ల దాచుకొనవలెను.

మన కంది ఎంత వేగముగా మారినదో చూడండి. 2008లో ఎద్దుమైలారంలో తాత్కాలికముగా ప్రారంభమైన హైదరాబాదు ఐ.ఐ.టి. 2015లో కందిలోని స్వంత ప్రాంగణమునకు తరలినది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడినది. ఒకప్పుడు గొర్రెలు మేసిన గుట్టల సమీపమున నేడు పరిశోధనశాలలు ఉన్నవి. ఇది అభివృద్ధియే, సందేహము లేదు. కాని ఆ గుట్టలు పదేండ్ల క్రితము ఎట్లుండెనో చూపగల చిత్రము మన కళాశాలలో ఒక్కటియు లేదు. మేము చాలామందిని అడిగాము. వారి వద్ద పెండ్లి చిత్రములున్నవి, విహారయాత్రల చిత్రములున్నవి, ఊటీలో గుర్రముపై కూర్చున్న చిత్రములున్నవి. తాము దినదినము నడచిన దారి చిత్రము మాత్రము లేదు.

కనుక విద్యార్థి మిత్రులకు, సహాధ్యాపకులకు మా విన్నపమిది. పటాన్‌చెరు నుండి కంది వరకు పది చోట్లను ఎన్నుకొందము. ఒక చెరువు కట్ట, ఒక రాతి గుట్ట, వాగుపై ఒక వంతెన, ఒక ప్రహరీ గోడ ప్రక్కనున్న చేను, ఒక ఖబరస్తాను వేపచెట్టు, ఇట్టివి పది. ఏటేటా జనవరిలో ఒక ఆదివారము, జూలైలో ఒక ఆదివారము, అదే చోట నిలిచి, అదే దిక్కుకు తిరిగి చిత్రములు తీసి, ఉర్దూలోనూ తెలుగులోనూ రెండేసి వాక్యములు వ్రాసి మన గ్రంథాలయములోని ఒక ఆల్బములో చేర్చుదము. ఇందుకు ధనము అక్కరలేదు. ఒక ఫోను, ఒక నోటు పుస్తకము, రెండు ఆదివారములు చాలును. పది సంవత్సరములలో రెండు వందల చిత్రములగును. అప్పుడు ఈ నేలకు ఏమి జరిగినదని ఎవరైనా అడిగితే, వాదించుట గాక ఆల్బము తెరచి చూపవచ్చును.

ఆ చెరువు చిత్రమును మేము గోడ నుండి తీసివేశాము. కత్తిరింపని ప్రతిని వెదకి, నురుగుతో, గొట్టముతో సహా ముద్రించి, క్రింద ఆ విద్యార్థి చెప్పిన మాటను వ్రాసి, అతనికే ఇచ్చాము. అతడు దానిని చాలాసేపు చూచి, “ఇప్పుడు మా చెరువు లెక్కనే ఉన్నది సార్” అన్నాడు. మాకు ప్రదర్శనలో లభించిన ప్రశంసలన్నింటి కంటె ఆ మాట ఎక్కువ. అయితే ఆ చెరువు అట్లే ఉండిపోవలెనని మా కోరిక కాదు. ఏదో ఒక జనవరి ఆదివారమున, అదే కట్టపై నిలిచి, నురుగు లేని ఒడ్డును, నీరు త్రాగుచున్న బర్రెలను ఏ కత్తిరింపూ అక్కరలేకుండా తీయగల దినము రావలెను. ఆ దినము వచ్చినదని నమ్మించుటకైనను, దానికి ముందు దినములను మనము నిజాయితీగా చిత్రించి ఉంచవలెను.